జీపు తాగిన కొబ్బరినీళ్లు

మా ఆయన ముత్యం బొగ్గుబాయి నుంచి రిటైరయ్యాక కొనుక్కున్న పాత జీపుకు నీళ్లడబ్బా ఒకటి ఉంది. దాని సంగతి నాకు ఇప్పటికీ సరిగ్గా అర్థం కాలేదు. చెప్పమంటే చెబుతాను గానీ మధ్యలో నవ్వొద్దు.

మేం మందమర్రిలో ఉంటాం. మా అత్తమ్మ శంకరవ్వకు ఎనభై దాటాయి. ఎప్పుడో బాయిలో కప్పు కూలి మా ఆయన ఆసుపత్రి పాలైనప్పుడు ఆమె కొండగట్టు అంజన్నకు మొక్కుకుంది. కొడుకు లేచి తిరిగి సొంత బండి నడిపితే, ఆ బండిలోనే కొండెక్కి, దానికి పూజ చేయించి కాయ కొడతానని. కొడుకు లేచాడు, బండీ వచ్చింది. కొండ దాకా పోవడమే కాలేదు. ఒకసారి లక్షెట్టిపేట దగ్గర, ఇంకోసారి రాయపట్నం వంతెన దాటగానే బానెట్ లోంచి పొగలు. డబ్బా పగలడం, మేం వెనక్కి రావడం. కిరాయి కారులో పోదామంటే అత్తమ్మ వినదు. "మొక్కింది నా కొడుకు బండికి" అంటుంది.

ఇప్పుడేమో ఆమెకు మతి నిలవడం లేదు. పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. మొక్కు మాత్రం మరవదు. అది తీరిందని ఆమెకు తెలిసే రోజుల్లోనే తీర్చాలని మా ఆయన ఒకటే ఆరాటం.

అందుకే మెకానిక్ లక్ష్మీరాజాన్ని పిలిచాడు. అతను బానెట్ ఎత్తి చూసి, "గీ డబ్బాల ఆవిరిని బంద్ చేసి పెడితే ముసలి బండి తట్టుకుంటలేదు ముత్యమన్నా. ఓపెన్ చేస్త" అన్నాడు. వేరే రేడియేటర్ తెచ్చి బిగించాడు. గట్టి మూత దాని నోటికే పెట్టాడు. ఆ నోటి పక్క నుంచి సన్న పైపు తీసి, మూతకు చిల్లున్న ఉత్త ప్లాస్టిక్ డబ్బాలో అడుగుదాకా దించాడు.

"వేడైతే ఎక్కువైన నీళ్లు గీ డబ్బాలకు వస్తయ్. సల్లగైతే మల్ల లోపలికే పోతయ్. మొదలు ఉత్త నీళ్లతోని చూద్దాం. లీకు లేదని తేలినంక కూలెంటు పోద్దాం."

"నీళ్లు వాటంతట అవే పోయి అవే వస్తయా?" అన్నాను.

"వస్తయ్ వదినా."

"ఎవరు పిలిస్తే వస్తయ్?"

లక్ష్మీరాజం తల గోక్కున్నాడు. "అదంతే వదినా."

అదంతేనట! సాయంత్రం డబ్బా సగానికి పైగా ఉంది, నా కళ్లతో చూశాను. పొద్దున చూస్తే నీళ్లు అడుగుకు పోయాయి. లీకే అనుకుని చెంబెడు పోశాను. మా ఆయన బజారుకు పోయి వచ్చేసరికి డబ్బా పొంగి వాకిలంతా తడి. మర్నాడు మళ్లీ అడుగున. మళ్లీ పోశాను.

"పొయ్యకంటే వినవేందే!" అని మా ఆయన అరిచాడు.

"పోయినయి ఎటు పోయినయో సూపియ్యి, అప్పుడు ఇంట" అని నేనూ అరిచాను. ఆయన రేడియేటర్ వైపు చెయ్యి చూపించాడు. ఇనుము తప్ప నాకేం కనబడలేదు.

అత్తమ్మ అరుగు మీద కూర్చుని ఇదంతా చూసేది. "ఏం చేస్తున్నవే అనసూర్యా?"

"జీపుకు నీళ్లు తాపుతున్న."

"తాగుతదా?"

"తాగుతది, కక్కుతది. నీ కొడుకు తెచ్చిన బండి గదా."

మంగళవారం బయలుదేరాం. లక్షెట్టిపేట దాటింది. రాయపట్నం దాటింది. జగిత్యాల కూడా దాటాక నాకు అనుమానం వచ్చింది, ఇది మా జీపేనా అని. ఘాట్ మీద మా ఆయన రోడ్డును తక్కువ, వేడి ముల్లును ఎక్కువ చూశాడు. నేను అంజన్నను తిట్టుకుంటూ మొక్కాను. జీపు గుర్రుమంటూ ఎక్కేసింది. పైన బానెట్ ఎత్తితే పొగ లేదు. మా ఆయన భుజం మీది తువ్వాలతో కళ్లు తుడుచుకున్నాడు, నేనూ ఏడ్చాను.

బానెట్ అట్లాగే తెరిచి ఉంచి పూజ చేయించే అయ్యగారి కోసం కూర్చున్నాం. ఆయన వచ్చేసరికి డబ్బాలో నీళ్లు సగానికి దిగాయి. నేను లీకెక్కడో చూద్దామని కిందికి వంగాను. అయ్యగారు సింధూరం పెట్టి, దండ వేసి, అత్తమ్మతో కాయ కొట్టించారు. ఒక్క దెబ్బకే పగిలింది. "మంచిగ పలిగిందమ్మా" అన్నారాయన. నేను లేచేసరికి అత్తమ్మ డబ్బా మూత తీసి, చిప్పలోని కొబ్బరినీళ్లు అందులో వంచుతోంది.

"అత్తమ్మా! ఏం చేస్తున్నవ్?"

"బండికి తీర్థం తాపుతున్న. రోజూ నువ్వు తాపుతలేవా?"

దర్శనం చేసుకుని వచ్చేసరికి డబ్బా ఖాళీ. అడుగున చిన్న కొబ్బరి ముక్క మిగిలింది. కొబ్బరినీళ్లు రేడియేటర్‌లోకి పోయాయని మా ఆయన ఒకటే పరేషాన్. ఏం పోశావని అడిగితే, "నేనేం పొయ్యలే" అంది అత్తమ్మ.

ఎట్లాగో ఇల్లు చేరాం. అరుగెక్కి కూర్చున్న అత్తమ్మ, "ముత్యం, కొండగట్టుకు ఎప్పుడు పోదాం రా?" అంది.

మా ఆయన మెట్టు మీద కూలబడ్డాడు. "ఇయ్యాల్నే పోయొచ్చినం గదా అవ్వా."

"ఎప్పుడు పోయినం? అబద్ధమాడకు బిడ్డా." నుదుటి మీది సింధూరం చూపిస్తే ఎవరో పెట్టారంది. జీపు దండ చూపిస్తే ఎవరో వేశారంది. "మొక్కు తీరకుండనే పోత కావచ్చు" అని కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. నాకు ఆ అంజన్న మీదే కోపం వచ్చింది. అంత దూరం రప్పించుకుని, ఇంత చిన్న జ్ఞాపకం ఉంచలేకపోయాడా!

మా ఆయన చేసేదేం లేక డబ్బా ఖాళీ చేద్దామని బానెట్ ఎత్తాడు. డబ్బా నోటిదాకా నిండి ఉంది. నీళ్లు తెల్లగా, మబ్బుగా ఉన్నాయి. పైన కొబ్బరి ముక్క తేలుతోంది. వాకిలంతా కొబ్బరి వాసన.

అత్తమ్మ ఏడుపు ఆపింది. గోడ పట్టుకుని దిగివచ్చి, డబ్బా మీదికి వంగి వాసన చూసింది. చాలాసేపు చూసింది.

"గివి నేను పోసిన నీళ్లే గదనే, అనసూర్యా? కాయ ఒక్క దెబ్బకే పలిగింది. మంచిగ పలిగిందమ్మా అన్నడు అయ్యగారు."

ఆ మాట ఇంటికొచ్చాక మేమెవరం ఆమెకు చెప్పలేదు. మా ఆయన ఆమె రెండు చేతులూ పట్టుకున్నాడు. "తీరింది బిడ్డా, మొక్కు తీరింది" అంది ఆమె.

మర్నాడు పొద్దున్నే లక్ష్మీరాజం వచ్చాడు. సంగతి విని తల పట్టుకుని, రేడియేటరూ డబ్బా రెండూ కడగాల్సిందే, లేకుంటే పాడవుతాయన్నాడు. "రేడియేటర్ కడుక్కో. డబ్బా జోలికి రాకు" అన్నాను.

"ఎందుకు వదినా?"

లోపలి నుంచి అత్తమ్మ గొంతు వినిపించింది. "ముత్యం, కొండగట్టుకు ఎప్పుడు పోదాం రా?"

నేను లోపలికి పోయి ఆమె చెయ్యి పట్టుకున్నాను. "జర ఇటు రా అత్తమ్మా. గీ వాసన చూడు."