సాక్సులో లప్పం బ్లేడు

కిమ్లాయ్ ఎవరింటికి వెళ్ళినా మనుషులకంటే ముందు గోడల్ని పలకరిస్తాడు. అరచేత్తో నిమురుతాడు, వేలి కణుపుతో తట్టి చెవి ఆనిస్తాడు. ఇళ్ళకు రంగులు వేసే పనిలో తల నెరిసినవాడు కనుక తోటి పనివాళ్ళెవరూ దాన్ని తప్పు పట్టలేదు. కానీ పోయినేడు కొడుకు చిన్‌హోంగ్‌కి పిల్లను చూడటానికి వెళ్ళినప్పుడు, ఆ ఇంటి హాలు గోడ తట్టి, "లోపలంతా బోలు, పైకి మాత్రం నున్నగా పూశారు" అన్నాడు. పిల్ల తల్లి ఆ మాట గోడ గురించేనని నమ్మలేదు. సంబంధం అక్కడితో ఆగిపోయింది.

అందుకే ఈసారి నిశ్చితార్థానికి బయలుదేరేముందు భార్య సూయిన్ అతని కోటు జేబులన్నీ వెతికింది. గరుకు కాగితం ముక్క దొరికితే తీసి పారేసింది.

"ఇదిగో ముసలాయనా, చేతులు జేబుల్లోంచి తీశావంటే చూడు. గోడ ఊసెత్తితే నిన్ను అక్కడే వదిలేసి వస్తాను. వాడికి నలభై దగ్గర పడుతున్నాయి."

కిమ్లాయ్ బుద్ధిగా తలూపాడు. ఆమె సాక్సులు వెతకలేదు. గోడలు గీకి చదును చేసే ఆ లప్పం బ్లేడు లేకుండా గడప దాటితే అతనికి బట్టల్లేకుండా వెళ్ళినట్టు ఉంటుంది.

పిల్ల తండ్రి తెక్‌సింగ్ బస్సు డ్రైవరుగా చేసి రిటైరైనవాడు. వాళ్ళ ఇల్లు ఓడరేవుకి ఎదురుగా, మేడ మీద. ఎప్పుడూ వాన కురిసే ఆ కీలుంగ్ ఊళ్ళో వాన ఆగిన రోజున జనం ఆకాశాన్ని అనుమానంగా చూస్తారు. ఆ రోజు అలా చూడాల్సిన అవసరం రాలేదు. గుమ్మంలో బూట్లు విడుస్తుండగానే తెక్‌సింగ్ హాలంతా చెయ్యి తిప్పి చూపించాడు. పనివాళ్ళనెవరినీ పిలవలేదట. వియ్యాలవారు వస్తున్నారని మొన్ననే స్వయంగా రంగు వేశాడట.

ఆ సంగతి కిమ్లాయ్‌కి వాసనే చెప్పింది. కళ్ళు మిగతాది చెప్పాయి. పాత పెచ్చులు గీకలేదు. చెమ్మకి గోడ మీద తేలిన ఉప్పు తుడవలేదు. చెమ్మ ఆరనివ్వలేదు, రంగు కింద వేసే ప్రైమరు ఊసే లేదు. వీటన్నిటి మీదా గులాబీ రంగు, తడి ముఖానికి పౌడరు అద్దినట్టుంది. అతని చేతులు జేబుల్లో పిడికిళ్ళయ్యాయి.

"ఎలా ఉంది బావగారూ?" అన్నాడు తెక్‌సింగ్.

సూయిన్ దగ్గింది.

"రంగు... చాలా గులాబీగా ఉంది" అన్నాడు కిమ్లాయ్.

తెక్‌సింగ్ పొంగిపోయాడు.

బంధువులతో హాలు నిండిపోయింది. వాన పడుతోందని కిటికీలు మూసేశారు. వంటింట్లో తీపి ఉండల పాయసం ఉడుకుతోంది. ఆ ఆవిరంతా హాల్లోకి వచ్చి పైకప్పు కింద నిలిచింది. పెళ్ళికూతురు యాఫెన్ ఎర్ర పళ్ళెంలో తీపి టీ తెచ్చి అందరికీ ఇచ్చింది. కిమ్లాయ్ కప్పు ఎత్తి తాగుతూ పైకి చూశాడు. సరిగ్గా హాలు మధ్యలో, రంగు కింద పొక్కు లేచి ఉంది.

రెండో గుక్కకి అది పాయసంలో ఉండంత ఉంది. కప్పు ఖాళీ అయ్యేసరికి దోసిలంత అయింది. అంచున సన్నటి పగులు కూడా కనిపించింది.

అప్పుడే సంబంధం కుదిర్చిన అమాయ్ అత్త ఎత్తు కుర్చీ తెచ్చి, సరిగ్గా దాని కిందే వేసింది. పెళ్ళికూతురు ఆ కుర్చీలో వాకిలికేసి తిరిగి, పాదాలు పీట మీద పెట్టి కూర్చోవాలి. కాబోయే అత్తగారు ఉంగరం తొడగాలి. కుర్చీ కాస్త పక్కకి జరిపితే బాగుంటుందేమోనని కిమ్లాయ్ గొణిగాడు. పంచాంగం చూసి పెట్టిన చోటు జరపకూడదంది అమాయ్ అత్త. సూయిన్ చూసిన చూపుకి అతను మళ్ళీ కూర్చున్నాడు.

మాట్లాడితే సంబంధం పోతుంది. ఊరుకుంటే తెల్లటి సున్నం పెచ్చు పిల్ల నెత్తిన పడుతుంది. చావింట్లో తప్ప ఎవరూ నెత్తిన తెల్లది వేసుకోరు. ఉంగరం తొడిగే వేళ అలా జరిగితే ఆ పెళ్ళి సంగతి అంతే.

సూయిన్ ఉంగరం తీసింది. పైన చిటుక్కుమంది. ఆ చప్పుడు హాల్లో ఒక్కడికే వినిపించింది.

కిమ్లాయ్ జేబుల్లోంచి రెండు చేతులూ తీశాడు. బల్ల మీది ఎర్ర పళ్ళెం అందుకుని ఒక్క అంగలో వెళ్ళి పిల్ల తల మీద గొడుగులా పట్టాడు. సూయిన్ నోరు తెరిచింది కానీ ఉంగరం అప్పటికే సగం వేలి మీద ఉంది. మిగతా సగం తోసింది. పైనుంచి తడి పెచ్చు, దాంతోపాటు గుప్పెడు సున్నం, పళ్ళెంలో థప్పున పడ్డాయి.

అందరూ అమాయ్ అత్త వైపు చూశారు. ఏం జరిగినా శుభం పలకాల్సిన బాధ్యత ఆవిడదే. ఆవిడ పళ్ళెంలోకి చూసి, పైకి చూసి, గొంతు సవరించుకుంది.

"పాత పొర రాలింది, కొత్త చుట్టరికం అతికింది" అంది.

అందరూ హమ్మయ్య అనుకుని చప్పట్లు కొట్టారు. తెక్‌సింగ్ ముఖం మాత్రం గోడ రంగులోకి తిరిగింది.

"మీరు రాగానే చూశారు కదూ బావగారూ?"

కిమ్లాయ్ భార్య వైపు చూశాడు.

"ఉంగరం ఎక్కేసింది. ఇక చెప్పుకో" అంది సూయిన్.

ఇక అతను ఆగలేదు. చెమ్మ దగ్గర మొదలుపెట్టి ప్రైమరు దాకా, పాయసం చల్లారిపోయేదాకా చెప్పాడు. మొదట పెచ్చులన్నీ గీకాలన్నాడు. ఆరాక లప్పం పెట్టి రుద్దుకోవాలట. తెక్‌సింగ్ అన్నీ విని, ఇంజను చూడకుండా బస్సుకి రంగేసిన వాణ్ణి తానెప్పుడూ ఎరగనని, ఇప్పుడు అలాంటివాణ్ణి అద్దంలో చూసుకోవాలని ఒప్పుకున్నాడు.

బయలుదేరే వేళయింది. నిశ్చితార్థం నాడు మగపెళ్ళివారు మళ్ళీ కలుద్దామని చెప్పకూడదు. చెబితే ఈ తంతు మళ్ళీ ఇంకొకరితో జరుగుతుందని భయం. దొంగల్లా మాట్లాడకుండా జారుకోవాలి. గుమ్మంలో కిమ్లాయ్ తెక్‌సింగ్ వైపు తిరిగాడు. గోడ ఆరాక ప్రైమరు వేయడానికి తను రావాలి కదా. నోరు తెరవబోయాడు. సూయిన్ అందులో పాయసం ఉండ కుక్కింది.

అతను బూట్లు వేసుకునే నెపంతో వంగి, సాక్సు తడుముకుంటూ కాసేపు లేవలేదు.

మేడ మెట్లు దిగి వానలో బస్సు స్టాపు చేరేలోపు సూయిన్ అతని నడక గమనించింది.

"పొద్దుట్నుంచీ కుంటుతూనే ఉన్నావు. ఇప్పుడు తిన్నగా నడుస్తున్నావే?"

అతను నోట్లోని ఉండని వేలితో చూపించాడు. అంతలో పైనుంచి, తెక్‌సింగ్ ఇంట్లో ఎవరో తెరిచిన కిటికీలోంచి, గోడ గీకుతున్న చప్పుడు వచ్చింది. కిమ్లాయ్ ఆగి, తల వంచి విన్నాడు. ఉండ మింగాడు.

"బ్లేడు మరీ నిలువుగా పట్టుకున్నాడు" అన్నాడు.

సూయిన్ గొడుగు అతని వైపుకి జరిపింది. "ప్రైమరు రోజున నేనూ వస్తాను. వియ్యపురాలు పాయసం బాగా చేసింది" అంది.