పద్నాలుగు మందికి ఒక సినిమా

నేను ఒక రూళ్ల నోటుపుస్తకాన్ని. పుట్టినప్పుడు నాకు రెండు వందల పేజీలు. ఇప్పుడున్నవి నూట పన్నెండు. మిగతావి ఎలుకలు కొట్టలేదు, పొయ్యిలోకి పోలేదు. సినిమాల సంగతులు మోసుకుని సరిహద్దు దాటడానికి బయల్దేరాయి.

చెరకు పిప్పి, చిత్తు కాగితాలు కలిపి ఉడికించిన గుజ్జులోంచి వచ్చాను. నీలం గీతలు గీశారు, మధ్యన దారంతో కుట్టారు, చివరి అట్ట మీద ఎక్కాలు అచ్చేశారు. శ్రీకాకుళంలో ఒక పుస్తకాల కొట్లో ఆర్నెల్లు దుమ్ము తిన్నాక ముగతమ్మ నన్ను కొన్నది. ఎనిమిదితో చదువు ఆపేసిన మనిషి, ఓపెన్ టెన్త్ రాద్దామనుకుంది. నా మొదటి పేజీలో సాంఘిక శాస్త్రం ప్రశ్న ఒకటి, సగం జవాబు ఉన్నాయి. ఆ జవాబు అక్కడే ఆగిపోయింది.

ముగతమ్మ భర్త కామరాజు సముద్రం మీద వేటకెళ్లేవాడు. ఇక్కడి మగవాళ్లు చాలామందిలాగే ఏటా ఎనిమిది నెలలు పడమటి తీరానికి పోయి, అక్కడి షావుకారు బోటు మీద పనిచేసేవాడు. ఆ నవంబరులో మంచు పట్టి, ఆ బోటు నీటి మీద కనపడని గీతేదో దాటింది. అవతలి దేశం వాళ్లు పట్టుకుని జైల్లో పెట్టారు. రెండు బోట్లలో కలిపి పద్నాలుగు మంది, అందరూ ఈ చుట్టుపక్కల ఊళ్ల వాళ్లే. గీతలంటే నాకు కొంచెం తెలుసు. నా పేజీలో గీత దాటి రాస్తే మాస్టారు ఎర్ర సిరా పెడతాడు, అంతే.

ఆ కబురు ఫోనులో వచ్చిన రోజు నుంచి ముగతమ్మ ఒకచోట కుదురుగా కూర్చోలేదు. చేపలు ఎండబెట్టడానికి వెళ్లి మధ్యలో లేచి వచ్చేది. అన్నం ముందు కూర్చుని రెండు ముద్దలు తిని వీధిలోకి చూసొచ్చేది. నన్ను తెరిచేది, పెన్ను మూత తీసేది, మళ్లీ మూసేది.

ఫిబ్రవరిలో కామరాజు నుంచి ఉత్తరం వచ్చింది. ఆమె దాన్ని నా పేజీల మధ్యే దాచింది కాబట్టి నాకు కంఠతా వచ్చు. క్షేమ సమాచారాల తర్వాత ఇలా ఉంది: “ఇక్కడ మేమందరం ఒక్క గదిలోనే ఉన్నాం. పొద్దు పోదు. రోజుకొకలం మనం సూసిన సినిమా కథ సెప్పుకుంటన్నాం. అన్నీ అయిపోనాయి. సెప్పిందే సెప్తంటే కొట్లాటలొస్తన్నాయి. కొత్త సినిమాలేటొచ్చినాయో సూసి రాయి. కథ రాయి, నీకెలగుందో కూడా రాయి. నీ మాట మీద మాకు గురి.”

మరునాడు ఆమె మంచి చీర కట్టుకుని మ్యాట్నీకి బయల్దేరితే అత్త చిన్నమ్మి గుమ్మానికి అడ్డం నిలబడింది.

“మొగుడు జైల్లో ఉంటే సినిమాకెల్తావేటే? నోకం ఏటనుకుంటాది?”

ముగతమ్మ ఉత్తరం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివింది. చిన్నమ్మి గుమ్మం మీద కూలబడింది. కాసేపటికి ముక్కు తుడుచుకుని, “ఏడుపు సినిమాకెల్లకు మరి. ఆల్లకి నవ్వులుండేది సూడు” అంది.

అలా మొదలైంది. సినిమాకి నన్నూ సంచిలో వేసుకుని వెళ్లేది. హాల్లో మనుషుల్ని చూశాను నేను. తెర మీద ఎవడో ఎవడినో కొడుతుంటే కేకలు పెట్టేవాళ్లు, వాళ్ల కాలు ఎవరైనా తొక్కితే మాత్రం పెద్దమనుషుల్లా న్యాయం మాట్లాడేవాళ్లు. ముగతమ్మ కేకలు పెట్టేది కాదు. ఒక సీటులో పది నిమిషాలు, ఇంకో సీటులో పది నిమిషాలు. ఇంటర్వెల్లో గేటుదాకా పోయి ఫోను చూసుకునేది. మళ్లీ వచ్చి కూర్చుని మోకాళ్లు ఊపేది. ఆ ఊపుకి సంచిలో నా అట్టలు టపటపలాడేవి.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుని రాసేది. రాసేటప్పుడు మాత్రం మోకాళ్లు కదిలేవి కావు.

“బావా, ఇది సముద్రం సినిమా. తీసినోలు సముద్రం సూసినట్టు లేదు. ఈరో మునిగి తేలినా జుత్తు దువ్వినట్టే ఉంది. ఒక్కడే లంగరు లాగీసినాడు, నువ్వైతే నవ్వుదువు. పాటలు పర్లేదు.”

“దెయ్యం సినిమా సూసినాను. పక్కావిడ నా సెయ్యి పట్టీసుకుంది. నాకు బయమెయ్యలేదు. ఇప్పుడు నాకు ఫోను మోగితేనే బయం.”

“ఇది నవ్వుల సినిమా. హాలంతా పడీపడీ నవ్వినారు. నాను ఒక్కదగ్గిర నవ్వినాను. నవ్వినాక సిగ్గేసింది. అయినా ఆ నవ్వు మీకు పంపుతన్నాను, పెళ్లిలో పప్పు ఒలికిపోయే కాడ సూసుకోండి.”

రాయడం అయ్యాక నా నడుమ నుంచి రెండు జోడు కాగితాలు నెమ్మదిగా లాగేది. ఒకదాని మీద కథ, రెండోదాని మీద ఆమె అభిప్రాయం. లాగిన ప్రతిసారీ నా కుట్టు కొంచెం వదులయ్యేది. నెలకొక ఉత్తరం పోస్టులో పడేది. జవాబు రాలేదు. మార్చిలో రాలేదు, జూన్‌లో రాలేదు. పోస్టుమాన్ సైకిలు వీధి మలుపు తిరగగానే ఆమె లేచి నిలబడేది, అతను తల అడ్డంగా ఊపుతూ వెళ్లిపోయేవాడు. తర్వాత తర్వాత అతను ఆ వీధిలోకి రావడమే తగ్గించాడు. పాపం, అతనికి మాత్రం ఎన్నిసార్లని తల ఊపబుద్ధవుతుంది?

“అందుతన్నాయో లేదో తెలీకుండా ఎన్నాల్లు రాస్తావే?” అని చిన్నమ్మి ఒకసారి అడిగింది.

“రాయడం మానేస్తే, అందీసుంటే ఎలగ?” అంది ముగతమ్మ.

పదకొండు ఉత్తరాలు వెళ్లాయి. జనవరి చివర్లో జైలు నుంచి వదిలేస్తే కామరాజు వచ్చాడు.

పదమూడు మంది వచ్చారు. అసిరయ్య అనే పెద్దాయన అంతకు నెల ముందే పెట్టెలో వచ్చాడు. అక్కడ జ్వరం తగిలి పోయాడట. రెండు వీధుల అవతలే ఆయన ఇల్లు. అందుకని కామరాజు వచ్చిన రోజు ముగతమ్మ గట్టిగా ఏడవడానికీ, గట్టిగా సంతోషించడానికీ కూడా జంకింది.

కామరాజు బాగా చిక్కిపోయాడు. ఇంట్లో నిలవలేకపోయేవాడు. తలుపు ఎవరైనా మూస్తే లేచి తెరిచేవాడు. మూడో రోజున ముగతమ్మ నన్ను తెచ్చి అతని పక్కన కూర్చుంది.

“నా ఉత్తరాలు సదివినారా?”

“ఒకటొచ్చింది. అదీ సగమే.”

“పదకొండు రాసినాను బావా.”

అతను నన్ను ఒళ్లోకి తీసుకున్నాడు. “పదకొండా?” అన్నాడు. వదులైపోయిన నా నడుమును వేలితో తడిమాడు.

మిగతా కాగితాలు ఏమయ్యాయో ఎవరికీ తెలియదు. అందింది ఎర్రబస్సు డ్రైవరు కథ ఉన్న సినిమా గురించి రాసిన రెండో జోడు కాగితం. కథ రాసిన కాగితం రాలేదు, అభిప్రాయం వచ్చింది! అందులో ఏముందో కామరాజు అప్పజెప్పాడు: “‘ముసిలోడు బాగా సేసినాడు. కూతురు అంత బేగి మన్నించకుండా ఉండాల్సింది. బస్సు లోయ పక్కన ఆగితే నా గుండె జారిపోయింది. కుక్క సావకపోతే బాగున్ను. ఆకరు నాకు నచ్చలేదు.’ ఇంతే ఉంది. ముసిలోడెవడు, కూతురికేటి కోపం, కుక్కెక్కడిది, మాకేటి తెలుసు?”

“మరేటి సేసినారు?”

“మేమే కట్టుకున్నాం కథ. ఆర్నెల్లు కట్టినాం. నువ్వన్నవి మాత్రం మార్చలేదు. కూతురికి కోపం ఎందుకొచ్చిందో తేల్డానికి పది రోజులు పట్టింది. కుక్కని మాత్రం బతికించీసినాం.”

ముగతమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. నవ్వో ఏడుపో నాకు తెలియలేదు. “అసలు కథ సెప్పనా?” అంది.

“వొద్దు,” అన్నాడు కామరాజు. “నాకు మాదే ఉండనీ.”

ఆ మాట ఎలా పాకిందో గాని, మరునాడు పొద్దున్నే అసిరయ్య భార్య కన్నమ్మ వచ్చింది. పెట్టె వచ్చినప్పటి నుంచి ఆవిడ ఇల్లు కదలలేదు. అరుగు మీద కూర్చుని, ఏ ఉపోద్ఘాతమూ లేకుండా, “మీరు సినిమా కట్టినారంట. మా ఆయన కూడా సెప్పీవాడా?” అని అడిగింది.

“ఆకరంతా ఆయనదేనమ్మా,” అన్నాడు కామరాజు. “రోజుకొకలాగ మార్చీవాడు. మేం తిట్టుకునీవాలం, రేపటికి ఏటంటాడోనని మల్లీ ఎదురుసూసీవాలం.”

“మొదట్నుంచి సెప్పు.”

కామరాజు చెప్పాడు. నిలబడి, నడుస్తూ, చేతులు తిప్పుతూ చెప్పాడు. చిన్నమ్మి చేపలబుట్ట దించి విన్నది. ముగతమ్మ నన్ను ఒళ్లో పెట్టుకుని రాసుకుంటూ పోయింది. మధ్యలో తను చూసిన సినిమా ఒక్కసారి కూడా అడ్డం తేలేదు. ఎండ అరుగెక్కేసరికి కథ చివరికొచ్చింది. అక్కడ కామరాజు ఆగాడు.

“సెప్పు,” అంది కన్నమ్మ. “మా ఆయన ఆకరిసారి ఏటన్నాడు?”

“జొరంతో పడుకునే సెప్పినాడమ్మా. బస్సు లోయ దాటీసింది, మనూరి ఇసకలోకొచ్చి కూరుకుపోయింది. ఇంక ముందుకి పోదు. డ్రైవరు ఎనక్కి తిరిగి ‘దిగండర్రా, ఊరొచ్చీసింది’ అన్నాడంట. అదే ఆకరు.”

కన్నమ్మ సముద్రం వైపు చూసింది, మళ్లీ కామరాజు వైపు చూసింది. “ఆ బస్సులో ఆయనున్నాడా?”

కామరాజు అబద్ధం చెప్పడానికి నోరు తెరవడం నేను చూశాను. చెప్పలేకపోయాడు. “ఆ సంగతి మేం అడగలేదమ్మా,” అన్నాడు.

“నానడుగుతన్నాను కదా,” అంది కన్నమ్మ. తనే చెప్పింది. “ఉన్నాడు. ముందు సీటు. ఆయనకి ఎనక కూకుంటే కడుపులో తిప్పుతాది. ముందు దిగింది ఆయనే. అలగని రాయే ముగతమ్మా.”

ముగతమ్మ రాసింది. రాసింది చదివి వినిపించింది. కన్నమ్మ రెండుసార్లు చదివించుకుని, తల ఊపి, కొంగు సర్దుకుని ఇంటికి వెళ్లింది.

ఇప్పుడు నేను ఆ ఇంటి గూట్లో ఉంటాను. వేట లేని రోజుల్లో ఎవరో ఒకరు వచ్చి నన్ను దింపి చదివించుకుంటారు. కన్నమ్మ చెప్పిన వాక్యం కింద నాలో ఇంకా బోలెడు చోటుంది. అక్కడ ముగతమ్మ ఏమీ రాయలేదు, ఎవరినీ రాయనివ్వలేదు.