నీడంత చేను

పొద్దున ఆరున్నరకల్లా ఫకీర్ సాబ్ సైకిల్ కనగానపల్లి అవతలి వంక గట్టుకు చేరేది. సైకిల్‌ను తుమ్మచెట్టుకు ఆనించి, టీ ఫ్లాస్కు కొమ్మకు తగిలించి, పార భుజాన పెట్టుకుని మూడో మడుగు తూర్పు గట్టు మీద నిలబడేవాడు. ఉదయపు ఎండకు ఆయన నీడ పడమటికి పొడుగ్గా నీళ్ళ మీద పడేది. పడినచోటల్లా ఎర్రటి బురద మెల్లగా అడుక్కి దిగిపోయి నీళ్ళు తేరుకునేవి. మధ్యాహ్నం నీడ కురచ కాబట్టి సంగటి తిని ఒక కునుకు తీసేవాడు. సాయంత్రం పడమటి గట్టు మీద డ్యూటీ. కంపెనీ వాళ్ళు ఆయన హాజరు గంటలను బట్టి కాదు, ఎండను బట్టి వేసేవాళ్ళు. మబ్బు పట్టిన రోజు సెలవు.

ఆ నీడ ఆయనకు వంశంలో వచ్చిందేమీ కాదు. వాళ్ళ నాయన ఊరి చెరువుకు నీరుగంటి. ఏ మడికి ఎంతసేపు నీళ్ళు పారాలో ఆయనే తేల్చేవాడు. గొంతు పెద్దది గానీ నీడ మామూలుదే. ఫకీర్ సాబ్ కూడా ముప్పై ఏళ్ళు అదే పని చేశాడు. బోర్లు పడ్డాక తూముల దగ్గర మనిషితో పని లేకుండా పోయింది. పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య సుగ్రా, ట్యాంకరు నీళ్ళు పట్టుకోగానే, "రాప్పా, బిందె పక్కన రవ్వంతసేపు నిలబడు" అని పిలిచేది. తర్వాత్తర్వాత వీధిలోని బిందెలన్నీ వరసకట్టాయి. ఊరందరి చేన్లకూ నీళ్ళు కట్టిన ఆ మనిషికి తనదని చెప్పుకోడానికి ఒక సెంటు నేల లేదు. ఆ మాట ఆయన ఎవరితోనూ అనేవాడు కాదు. సుగ్రా మాత్రం ఏడాదికి రెండు మూడుసార్లు అనేది.

అదట్లుంచితే, వంక పక్క చేన్ల కింద గులకరాళ్ళ గరుసులో బంగారు రజను ఉందని కంపెనీ వచ్చింది. రైతుల దగ్గర రెండేళ్ళకు చేన్లు గుత్తకు తీసుకుంది. పైనున్న మూరెడు ఎర్రమన్ను తీసి పక్కన కుప్ప పోస్తారు. కింది గరుసును తవ్వి తొట్లలో నీళ్ళు పారించి కడుగుతారు. బరువున్న రజను తొట్టి అడుగున ఆగుతుంది. బురదనీళ్ళు ఒకదాని కింద ఒకటిగా మూడు మడుగుల్లోకి దిగుతాయి. తేరిన నీళ్ళే మళ్ళీ తొట్లకు పోతాయి, మిగిలితే వంకలోకి. పని అయ్యాక గరుసు పూడ్చి, పైమన్ను పైనే పరిచి, చేను రైతుకు అప్పగించాలి. వంకలో బురద కలవకూడదని కాగితాల మీదే ఉంది. దాన్ని హిందూపురం నుంచి వచ్చిన ఇంజనీరు భవాని సీసాతో, మిషనుతో పరీక్ష చేసేది. ఫకీర్ సాబ్ పరీక్ష వేరు. మోకాటి లోతులో నిలబడితే కాలి గోళ్ళు కనపడాలి. రెండేళ్ళలో ఆ రెండు పరీక్షలకూ ఒక్కసారైనా తేడా రాలేదు. అందుకే వంక దిగువన గొర్రెలు తాగేచోటికి చుట్టాలను తీసుకుపోయి, "ఇవి మా మైనులో నీళ్ళు" అని చూపించేవాడు.

గంగులమ్మ నాలుగెకరాల చేను చివరిది. మూడున్నర ఎకరాలు పూడ్చి చదును చేసేశారు. మూడో మడుగు ఉన్న అరెకరమే మిగిలింది. దాని పైమన్ను గట్టు పక్కనే కుప్పగా ఉంది.

ఆ బుధవారం మధ్యాహ్నం భవాని ఫోను పట్టుకుని వచ్చింది.

"తాతా, రేపటి నుంచి మబ్బంట. ఆదివారం సాయంత్రానికి పెద్ద వాన."

"పడనీలే పాపా. విత్తనం పడేకాలం."

"మడుగు ఖాళీ కాందే మన్ను పరచలేం గదా! వానొస్తే ఆ కుప్ప మొత్తం వంకలోకి జారిపోతుంది."

పక్కనే ఉన్న గంగులమ్మ నడుం మీద చేతులేసుకుంది. "అది మా మామ కాలం నుంచి పెంట తోలి, పెంట తోలి చేసుకున్న మన్ను ఫకీరన్నా. అది పోతే నాకు మిగిలేది గులకరాళ్ళు. వాటిల్లో ఏం విత్తేది, నా తలకాయా?"

జేసీబీ నడిపే మద్దిలేటి బీడీ ఆర్పి దగ్గరికొచ్చాడు. "ఏముంది మామా, మోటారేసి ఇట్లనే వంకలోకి తోడేస్తాం. వానొస్తే వంక ఎట్లాగూ ఎర్రగానే పారుతాది. ఎవురికి తెలుస్తాది?"

"గొర్రెలకు తెలుస్తాది," అన్నాడు ఫకీర్ సాబ్. "నాకు తెలుస్తాది. నీకెట్లాగూ తెలియదులే, నీవు టీ గూడా వడగట్టకుండా తాగే మనిషివి."

భవాని నవ్వు ఆపుకుంది. "మబ్బులో నీ నీడ పడదు గదా తాతా. మరి ఎట్లా?"

ఫకీర్ సాబ్ సాయంత్రం దాకా పడమటి గట్టు మీదే నిలబడ్డాడు. ఎండ వాలేకొద్దీ నీడ మడుగు దాటి అవతలి గట్టు అంచుదాకా సాగింది. అప్పుడు చెప్పులు విడిచి, ఒక అడుగు వెనక్కి వేసి, నీడను అక్కడే వదిలిపెట్టి సైకిలెక్కాడు.

ఇంటి ముందు సుగ్రా ఆయన కాళ్ళ వైపు చూసింది. "యాడ పెట్టొచ్చినావు?"

"మడుగులో."

"ముప్పై ఐదేళ్ళు ఎండలో నీ నీడన నడిచినా. ఇంగ గొడుగు కొనియ్యి," అని లోపలికి పోయింది.

గురువారం, శుక్రవారం ఎండ పొడ లేదు. నీడ మాత్రం బర్రె ఈదినట్టు మడుగంతా తీరిగ్గా తిరిగింది. శనివారం తెల్లారికి గట్టు మీద నుంచే అడుగున రాళ్ళు లెక్కపెట్టొచ్చు. భవాని సీసా పట్టి చూసి తల ఊపింది. ఫకీర్ సాబ్ దిగి, తన గోళ్ళు చూసుకుని, మోటారు వెయ్యమన్నాడు. చీకటి పడేలోపు మడుగు ఖాళీ. వంకలో నీళ్ళు అద్దంలా పారాయి.

ఆదివారం పొద్దున మద్దిలేటి బకెట్ నిండా మన్ను ఎత్తి, గుంట అంచున జేసీబీ ఆపేశాడు.

"మామా, నీ నీడ అడుగున పండుకోని ఉండాది. లెయ్యమను."

ఫకీర్ సాబ్ వంగి చూశాడు. తూర్పుకు తల పెట్టి, భుజం మీద పారతో బోర్లా పడుకుని ఉంది. మూడు రోజులు నానింది గదా, కొంచెం ఉబ్బింది కూడా.

"ఎండ లేందే లెయ్యదప్పా."

"ఎండ వచ్చేదాకా చూద్దామా?"

పెనుకొండ వైపు ఆకాశం అప్పటికే నల్లగా దిగివస్తోంది. గంగులమ్మ ఆకాశం వైపు చూడలేదు, మన్ను వైపు చూడలేదు. "వద్దులే అన్నా," అంది. "మనిషికి నీడ గూడా ల్యాకపోతే ఎట్లా? పోతే పోనీ మన్ను."

ఫకీర్ సాబ్ తలపాగా విప్పి, దులిపి, మళ్ళీ గట్టిగా చుట్టుకున్నాడు.

"పొయ్యి మద్దిలేటీ. తలకాయ కాడ మెల్లగా పొయ్యి."

నాలుగింటికి చదును అయింది. నాలుగున్నరకు వాన పడింది. ఒక్క పిడికెడు మన్ను వంకలోకి పోలేదు.

కంపెనీ వేరే తావుకు పోయింది. భవాని రమ్మని పిలిచింది గానీ, నీడ లేని మనిషికి మడుగు దగ్గర ఏం పని? ఫకీర్ సాబ్ ఇంటిపట్టునే ఉండి, బజారుకు పోతే ఎండలో ఒట్టిగా, తల నిటారుగా నడిచేవాడు. ఎదురొచ్చినవాళ్ళు ఆయన పక్కన ఖాళీ నేలను చూసి, చెప్పు పడకుండా తప్పుకునేవాళ్ళు.

గంగులమ్మ శెనక్కాయ విత్తింది. ఊడలు దిగి కాయ పట్టే టైముకు వాన మొహం చాటేసింది. ముప్పై ఎనిమిది రోజులు చుక్క లేదు. అందరి చేన్లూ వాడిపోయాయి. గంగులమ్మ చేనూ వాడింది, అరెకరంలో ఒక్కచోట తప్ప. అక్కడ పచ్చగా, నిండుగా, తలపాగా కట్టి పార భుజాన వేసుకున్న మనిషి ఆకారం. ధర్మవరం బస్సు ఆ మలుపు దగ్గర నెమ్మదించేది. "అదో ఫకీర్ సాబ్" అని కండక్టరు చూపించేవాడు.

ఆ ఏడు ఊరికి విత్తనం మిగిలింది ఆ ఆకారంలోనే. కాయ పీకే ముందు గంగులమ్మ సర్వేయరు యల్లప్పను పిలిపించింది.

"దాన్ని కొలువప్పా. అది నాది కాదు. కింద ఆయన ఉండాడు."

"ఇట్లాంటి కొలత నా సర్వీసులో లేదమ్మా," అంటూనే యల్లప్ప గొలుసు పరిచాడు. వేళ్ళ సందులు కూడా వదలకుండా కొలిస్తే ఆరు సెంట్లు వచ్చింది. హద్దులు రాసి పైకి చదివాడు. తూర్పున తలపాగా, పడమర పాదాలు, దక్షిణాన పార, ఉత్తరాన ఎడమచెయ్యి.

"సరిగా ఉండాదా, సాబ్?"

ఫకీర్ సాబ్ కాగితం రెండుసార్లు చదువుకున్నాడు. "పార పొడుగు ఒక జానెడు తక్కువ రాసినావు," అన్నాడు. యల్లప్ప మళ్ళీ గొలుసు వేశాడు.