రీడింగులు రాసే చేయి

ఇంట్లో ఫ్యూజు పోయినప్పుడల్లా మా ఆయన స్టూలెక్కి, "నువ్వు టార్చి పట్టుకో, చాలు. నీకు షాకు కొడితే వంటెవరు చేస్తారు?" అనేవారు. ఆయన బ్యాంకులో గుమాస్తా. నేను కాలేజీలో ఇరవై తొమ్మిదేళ్ళుగా ఫిజిక్సులో విద్యుత్తు పాఠం చెబుతున్న అధ్యాపకురాలిని. "వాడున్నాడుగా, నీకెందుకే ఆ గొడవ," అని మా అత్తగారు వంత పాడేవారు. నేను లోలోపల నవ్వుకునేదాన్ని. ఆ అజ్ఞానం మా ఇంటికే పరిమితమనీ, నా ప్రయోగశాల గడప తొక్కదనీ నమ్మకం. అది రుజువు లేని నమ్మకమని మాత్రం అప్పట్లో తోచలేదు.

ఉద్యోగంలో నా చివరి ఏడాది, డిగ్రీ ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష. తరగతిలో అందరికన్నా ముందుండే అమ్మాయికి, కాంతిని రంగులుగా విడదీసి కోణాలు కొలిచే స్పెక్ట్రోమీటరు వచ్చింది. ఆమెకు పీజీ సీటు రావాలంటే ఈ మార్కులే కీలకం. పది నిమిషాలైనా పరికరాన్ని ముట్టుకోలేదు.

"ఏమ్మా, మొదలుపెట్టవేం?"

"ఏ స్క్రూ తిప్పాలో తెలీదు మేడమ్."

"మూడేళ్ళుగా చేస్తున్నదేగా!"

"చేసింది మా బ్యాచిలో అబ్బాయిలు మేడమ్. నేను రీడింగులు రాశాను. నీ దస్తూరి ముత్యాల్లా ఉంది, నువ్వు రాయి, వాళ్ళు తిప్పుతారు అని మొదటిరోజు మీరే అన్నారు కదా."

అన్నాను. మెచ్చుకోలనుకునే అన్నాను.

వేరే కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు జాలిపడ్డాడు. "పోనిద్దురూ. ఆడపిల్లలకు థియరీ వచ్చినట్టు చేతిపని రాదండీ. పాసు మార్కులు వేసేద్దాం."

పరిశీలించకుండా దేన్నీ ఒప్పుకోకూడదని పాఠం చెప్పినదాన్ని. పక్కగదిలోకెళ్ళి బీరువా తెరిచాను. తప్పు రీడింగు ఎవరిదో తేలడానికని, ఎవరు తిప్పారో ఎవరు రాశారో ప్రతి బ్యాచీ నోటుబుక్కు మొదటి పేజీలో రాయాలన్నది నేను పెట్టిన నియమమే. తొమ్మిదేళ్ళ పుస్తకాలు తిరగేశాను. అమ్మాయిలూ అబ్బాయిలూ కలిసి చేసిన బ్యాచీలు అరవై ఒకటి. రాసింది అమ్మాయే అయినవి యాభై ఎనిమిది. ఇంత నిక్కచ్చి ఫలితం నా ప్రయోగశాలలో మరే ప్రయోగమూ ఇవ్వలేదు. మా ఆయన టార్చి పట్టించింది ఒక్క మనిషి చేతే.

తిరిగొచ్చి తెల్లకాగితం మీద రాశాను: "ఈ విద్యార్థినికి పరికరం వాడటం నేను నేర్పలేదు. లోపం నాది. నేర్పిన తరువాత మళ్ళీ పరీక్ష పెట్టవలసిందిగా కోరుతున్నాను."

పరీక్షకుడు అదిరిపడ్డాడు. "రిటైరయ్యే ముందు ఇదేం పని మేడమ్? మీ సర్వీసు రిజిస్టరుకెక్కుతుంది!"

"ఎక్కనివ్వండి. ఇప్పటిదాకా అందులో అన్నీ పొగడ్తలే ఉన్నాయి."

వరండాలో తమ వంతు కోసం పద్నాలుగు మంది అమ్మాయిలు నిలబడి ఉన్నారు. "స్పెక్ట్రోమీటరును ఒక్కసారైనా స్వయంగా తిప్పినవాళ్ళు చేతులెత్తండి," అన్నాను. ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఒక్క చెయ్యీ లేవలేదు.

లోపలికొచ్చి కలం మూత మళ్ళీ తీశాను.

"సార్, ఇంకో కాగితం ఇవ్వండి. పేర్లు పట్టడం లేదు."