పిల్లలున్నారు

వంతెన మూసేశారన్న సంగతి వంతెన కనిపించాకే మాకు తెలిసింది. స్తంభానికి బీట పడిందట. ముందు లారీలు, వెనక లారీలు, మధ్యలో మా చిన్న వాన్. "ముందు నుయ్యి వెనక గొయ్యి అంటే ఇదే కాబోలు వదినా" అంటూ మా మరిది స్టీరింగ్ మీద తల వాల్చాడు. "సామెతలు తర్వాత చెబుదువుగాని, దిగి వెనక తలుపు తియ్యి" అని కసిరాను. నాకు ఏడుపు రాబోయే ముందు కోపం వస్తుంది.

వాన్ నిండా చేపపిల్లలు. ఒక్కోటీ చిటికెనవేలి గోరంత. చెరువులో నీరు చెడి మా తల్లిచేపలన్నీ చచ్చి తేలాయి. అంతకు ముందే వేరే తొట్లలోకి తీసి ఉంచాం కాబట్టి ఇవి మిగిలాయి. అవతలి ఒడ్డున మంచినీళ్ల చెరువు ఒకటి సిద్ధం చేసుకుని మా ఆయన కాచుకుని ఉన్నాడు. ఇవి బతికితే పెరిగి మళ్లీ తల్లులవుతాయి. చస్తే విత్తనం ఉండదు, తాతల నాటి పని మాతో సరి.

మీకు తికమక లేకుండా ఇవి, అవి అంటున్నాను గాని మా ఇంట్లో ఎవరూ అలా అనరు. పిల్లలు తిన్నారా, పిల్లలు నీరసంగా ఉన్నారా, ఇదే వరస. పెళ్లైన కొత్తలో మా మామ "దీపం తగ్గించమ్మా, పిల్లలు బెదురుతున్నారు" అంటే ఈ ఇంట్లో ఇంకా ఎందరున్నారో అని హడలిపోయాను. ఏడాది తిరక్కుండానే నా నోటికీ అదే పట్టింది.

చేపపిల్లకు నిలవ నీరే యముడు. నీళ్లు కదులుతుంటేనే వాటిలోకి గాలి చేరుతుంది. మా అత్త రోజుల్లో రైల్లో కుండలతో తీసుకెళ్లేవారు. దారి పొడవునా అరచేత్తో నీళ్లు కొడుతూనే ఉండాలి. ఆవిడ చెయ్యి నొప్పి పుడితే పెట్టెలో కూర్చున్నవాళ్లే తలా కాసేపు కొట్టేవారట. రైళ్ల వేగం పెరిగింది, మా స్టేషన్లో ఆగడం మానేశాయి. తర్వాత పడవలు. పడవ ఊపుకు నీళ్లు వాటంతటవే కదిలేవి, మా చేతులకు విశ్రాంతి. అంతలో వంతెన వచ్చింది. ఏరు దాటాక తెప్ప తగలేయడం సామెత అనుకుంటారు గాని మా రేవులో అక్షరాలా అదే జరిగింది. పడవల చెక్కలు ఆ ఏడాది ఇంటింటి పొయ్యిల్లోకి పోయాయి. ఆక్సిజన్ నింపిన సంచుల్లో పిల్లల్ని పోసి వాన్‌లో వేసుకుంటే గంటలో అవతల ఉండేవాళ్లం. అందరితోపాటు నేనూ మురిసిపోయాను. ఇప్పుడు వంతెనకు బీట. రైలు ఆగదు, పడవలు లేవు.

మిగిలింది ఒక్క పంటు. రెండు పడవల మీద పలకలు పరిచి కట్టినది. ప్రాణం మీదికొచ్చినవాళ్లనే ఎక్కిస్తున్నారట.

ఎండకు సంచులు మెత్తబడుతున్నాయి, పిల్లలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నారు. సంచులు కోసి, వాన్‌లోనే ఉన్న ఆరు తొట్లలో పోశాం. తొట్టి నుంచి తొట్టికి జరుగుతూ రెండు చేతులతో కొడుతుంటే రేవు కాపలావాడు కర్రతో వాన్ మీద తట్టాడు. అప్పటికే ఎండ తగలకుండా తలుపు మీద తడి గోనెపట్టా దించేశాను.

"లోపలేముంది?"

"పిల్లలున్నారు బాబూ! ఊపిరాడట్లేదు, చచ్చిపోతున్నారు. ఎలాగైనా దాటించు!"

ఆ తర్వాత ఈల వినిపించింది. కేకలు, పరుగులు. మరిది ముందుకెళ్లి స్టీరింగ్ పట్టుకున్నాడు. ఎవరెవరో మా వాన్‌ను తోశారు. లారీలు పక్కకు ఒరిగిన చప్పుడు, చక్రాల కింద పలకలు కిరకిరలాడిన చప్పుడు. లోకంలో మంచితనం చచ్చిపోలేదు అనుకున్నాను. కళ్లనీళ్లు తొట్లోనే పడ్డాయి. చెయ్యి ఆపలేదు.

నది మధ్యకు వచ్చాక పట్టా తొలిగింది. పంటు నడిపే సరంగు చెంబుతో మంచినీళ్లు పట్టుకుని నిలబడ్డాడు.

"పిల్లలకు పట్టించమ్మా. ఎంతమంది?"

అతని చూపు తొట్ల మీద పడింది. నా వెనక్కి చూశాడు, సీట్ల కింద చూశాడు. అప్పుడు తెలిసింది నాకు, నా నోరు ఏం చేసిందో.

"చేపలా?"

"మా ఇంట్లో అలాగే అంటామయ్యా. ఒట్టు, అబద్ధం చెప్పలేదు. అలవాటు."

"మీ వాన్ కోసం ఒక ముసలమ్మని మంచంతో సహా దింపాను. గుండెనొప్పి. 'పసివాళ్లు ముందు పోనీ నాయనా' అని ఆవిడే చెప్పి దిగింది."

చెంబులో నీళ్లు అలాగే నదిలో పారబోసి వెళ్లి ఇంజిన్ పట్టుకున్నాడు. పంటు వెనక్కి తిరుగుతోంది. అవతలి ఒడ్డు మీద తెల్ల చొక్కా వేసుకున్న మనిషి చెయ్యి ఊపుతున్నాడు. మా ఆయనే.

పరుగెత్తి సరంగు కాళ్ల దగ్గర కూలబడ్డాను. "ఇంత దూరం వచ్చాం కదయ్యా. మమ్మల్ని దింపేసి పోండి. ఇవి పోతే మాకింకేం లేదు."

"నాకు అమ్మ ఉందమ్మా" అన్నాడు.  నా బాధ నిజం, ఆ ముసలమ్మ గుండె అంతకంటే నిజం.

తిరిగి వాన్ దగ్గరికొస్తే మరిది నాకు బదులు నీళ్లు కొడుతున్నాడు. తలెత్తలేదు. "ఆ ముసలమ్మని దింపుతుంటే చూశాను వదినా. వాళ్లేమనుకున్నారో అర్థమైంది. నోరు రాలేదు." వాణ్ణి తిట్టకుండా పక్క తొట్లో చెయ్యి పెట్టాను.

ఒడ్డు ఇంకా కాస్త దూరం ఉండగానే సరంగు ఒక్క కేక వేశాడు, వార్త మాకంటే ముందే దిగింది. మమ్మల్ని తోసిన చేతులే ఇప్పుడు నడుముల మీద ఉన్నాయి. కాపలావాడు నా ముఖం చూడలేదు. మంచం మోసుకుంటూ ఆ ముసలమ్మ కొడుకు నా పక్కనుంచి వెళ్తూ "ఆడదానివైపోయావు, లేకపోతేనా" అన్నాడు. ఆవిడ మాత్రం కళ్లు తెరిచి, "పిల్లలు బాగున్నారా తల్లీ?" అని అడిగింది. ఆవిడకెవరూ చెప్పినట్టు లేదు. తలూపాను.

"వాన్ దిగాలి" అన్నాడు సరంగు. "దింపినవాళ్లందరూ ఎక్కాలి. మళ్లీ వచ్చేసరికి పొద్దు వాలుతుంది." ఎటో చూస్తూ మళ్లీ అన్నాడు: "నీ ఒళ్లో పట్టేది ఏదైనా ఉంటే తెచ్చుకో."

నీళ్లు కొడుతూ ఉండకపోతే తొట్లలో పిల్లలు పొద్దు వాలేదాకా ఆగరు. ఒక్క మనిషి చేతులు ఎన్నింటిని చూసుకుంటాయి? ఒడ్డు మీదున్న వాళ్లందరి వైపూ తిరిగి దండం పెట్టాను. "తప్పు నాది, వీటిది కాదు. ఎవరైనా ఒక్క చెయ్యి వెయ్యండి, ఉత్తినే నీళ్లు కొడుతుంటే చాలు." ఒకడు నవ్వాడు. మిగతావాళ్లు లారీల నీడలోకి వెళ్లిపోయారు.

వాన్ ఎక్కి ఆరు తొట్లలోకీ చూశాను. ఏవి ఎక్కువ చురుగ్గా ఉన్నాయో చూసి ఎంచుకుందామనుకున్నాను, కళ్లకు ఏమీ ఆనలేదు. తలుపు పక్కనున్నది ఎత్తుకుని దిగి, పంటు మీద మంచం కాళ్ల దగ్గర చతికిలబడి ఒళ్లో పెట్టుకున్నాను. తాడు విప్పారు.

ఒడ్డు మీద వాన్ వెనక తలుపు తెరిచే ఉంది. మరిది ఐదు తొట్ల మధ్య మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులూ గాల్లో ఆపి నా వైపు చూశాడు.

"వదినా! దేన్ని కొట్టను?"

నా చెయ్యి నా తొట్లో తిరుగుతూనే ఉంది. మా ఇద్దరి మధ్యకూ నది నీళ్లు వచ్చేశాయి. వాడు మళ్లీ అడిగాడు, గొంతు పగిలేలా.

"నీకు దగ్గర్లో ఉన్న రెంటినీ" అని అరిచాను.

వాడు మిగతా మూడింటికీ వీపు తిప్పి కూర్చున్నాడు.