ఎలుకల గదిలో నీలి దీపం

నేను ఒక నీలి దీపాన్ని. పెళ్లి పందిట్లో వేలాడే రకం కాదు లెండి. ఎలుకల గదిలో, తలుపేసి చీకటి చేశాకే నన్ను వేస్తారు.

నా యజమానురాలు ఝాన్సీ మేడం. వాళ్ల వంశంలో ముప్పై దాటితే చూపు పోతుంది. ముందు రేచీకటి, ఆ తర్వాత పగలూ చీకటే. తండ్రికి పోయింది, అన్నకూ పోయింది. తన కళ్లు మిగిలుండగానే మందు కనిపెట్టాలని ఈవిడ పంతం. అందుకని ఆ పాడు జన్యువును తన రక్తంలోంచే తీసి, జెల్లీచేపను మెరిపించే జన్యువును దానికి తోకలా అతికించి, వెంట్రుకకన్నా సన్నని గాజుసూదితో ఎలుక అండంలోకి ఎక్కించింది. ఆ అండాన్ని ఇంకో ఎలుకమ్మ కడుపులో పెట్టింది. జన్యువు పట్టిన పిల్లల కళ్లు నా వెలుగులో పచ్చగా మెరవాలి. వాటికీ చూపు పోవాలి. అప్పుడు మందు వెతకాలి. మనుషుల ప్రేమ అలాంటిది మరి. ముందు తమ జబ్బు పంచుతారు, తర్వాత వైద్యం చేస్తారు.

ఎలుకలను సాకే సైదులు నోరు ఊరుకోదు. "మీ రక్తమే గద మేడమ్! ఇవి మీకేమైతయి, మేనకోడళ్లా? ఉయ్యాల కట్టమంటరా?"

"ముందు పుట్టనీ. బారసాల నీ చేతనే చేయిస్తా."

పుట్టాయి. తలుపేసి నన్ను వేశారు.

ఇంకా కళ్లు తెరవని పసికూనలు. పల్చటి రెప్పల కింద జంటలు జంటలుగా పచ్చని నిప్పులు. గోడ మీది బల్లి జడుసుకుని తోక వదిలేసి పారిపోయిందంటే నమ్మండి!

మేడం నా నీలాన్ని ఆపి పచ్చని మెరుపునే చూపించే పసుపు అద్దంలోంచి చాలాసేపు చూసింది.

"ఒక్కదానికీ పట్టలేదు. తీసెయ్ సైదులూ."

వేళాకోళమనుకుని సైదులు నవ్వబోయాడు. ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

"మేడమ్... అన్నీ మెరుస్తున్నయి."

ఆమె మళ్లీ వంగింది. ముక్కు బోనుకు తగిలేదాకా వంగింది. మూసిన కళ్లు వెలుగుతూనే ఉన్నాయి. ఆమె తెరిచిన కళ్లకు మాత్రం ఏమీ కనిపించలేదు.

"ఉంచు," అంది చివరికి.

ఏళ్లు పట్టినా మందు దొరికింది. పసితనంలో వేస్తేనే పనిచేస్తుంది. ఎలుకలకు పనిచేసింది.

ఇప్పుడు నేను అదే గదిలో, పాత సామాన్ల అర మీద, తెగిన వైరుతో పడున్నాను. పొద్దున్నే ఆమె గోడ తడుముకుంటూ వస్తుంది. బోనుల్లో గంతులు ఆగిపోతాయి. ఎలుకలన్నీ ఊచల దగ్గరికొచ్చి, ఆమె ఎటు నడిస్తే అటు తలలు తిప్పుతాయి.

చూపు పోయినవాళ్లను ఇంట్లో చూపున్నవాళ్లు చూసినట్టే చూస్తాయి.