వరదలో లేని తల్లి

'వరదలో బిడ్డను పోగొట్టుకున్న తల్లి' అని ఫోటో కింద అచ్చువేసిన పెద్దమనుషులారా, ఆ తల్లి చేతి టీ తాగి వెళ్ళినవాళ్ళే మీరు. ఆమె ఇంటికి వరద రాలేదని మీకు తెలుసు. పాప జ్వరంతో పోయిందనీ తెలుసు. తెలిసే వేశారు.

ఆమె భర్త మీ పత్రిక ఫోటోగ్రాఫరు. తీసేది ఆయన. చీకటిగదిలో మందునీళ్ళలో చేతులు నానబెట్టి ప్రింట్లు వేసేది ఆమె. జీతం లేదు, పేరూ లేదు. ఆ ఒక్క ఫోటో మాత్రం ఆయనే తలుపేసుకుని చేశాడు. ఇంటి గోడ తీసేసి వరద నీళ్ళు అతికించాడు. ఆమె భుజం మీదున్న అత్తగారి చెయ్యి చెరిపేశాడు. "పోనీలేవే, నేనెప్పుడు ఫోటోల్లో బాగా పడ్డాను గనక," అంది అత్తగారు. "ఊళ్ళకి ఊళ్ళు సాయం పంపాయి. నీ ఏడుపు నలుగురికి పనికొచ్చిందనుకో," అన్నాడాయన. అనుకుంది. మింగింది.

ఎందుకు మింగిందంటే, పాపను కాటికి తీసుకెళ్తుంటే అందర్నీ ఆపింది ఆయనే. "ఆగండి, దాన్ని ఇంకోసారి ఎత్తుకోనివ్వండి," అని పాపను తెచ్చి ఆమె ఒళ్ళో పెట్టాడు. "ఇటు గుమ్మం వైపు తిరుగు," అన్నాడు, ఎంతో మెల్లగా. తర్వాత ఆయన ఎన్ని మాటలన్నా, కంచం విసిరికొట్టినా, ఆ ఒక్క మెల్లని మాట తలుచుకుని కాపురం చేసింది.

ఇప్పుడా ఫోటోకి ప్రదర్శన. ఆయనకి ఇంటర్వ్యూలతో తీరిక లేదు. "గోడంత ప్రింటు కావాలి. అతికించిన నెగటివు ఆ డబ్బాలో ఉంది, నువ్వే వేసెయ్," అని తాళంచెవి ఇచ్చి పోయాడు. దాని కిందే అసలు ఫిల్ము ఉంది. వెలుతురుకి పట్టి చూసింది. పక్కపక్కనే రెండు బొమ్మలు. మొదటిదాన్లో ఆమె పాప మీద పడి ఏడుస్తోంది, మొహం నీడలో మునిగిపోయింది. రెండోదాన్లో గుమ్మం వెలుతురు తిన్నగా మొహం మీద పడుతోంది.

మొదటిది చెడిపోయింది. అందుకే ఇంకోసారి ఎత్తుకోనిచ్చాడు.

ఇన్నేళ్ళుగా దాచుకున్న ఆ ఒక్క మెల్లని మాటా తనది కాకుండా పోయింది. కింద కూలబడి, నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది. తర్వాత ఫిల్ము పట్టుకుని పత్రికాఫీసుకి నడిచింది. ఎడిటరు కుర్చీ వెనక గోడకి అదే ఫోటో, అద్దం కట్టించి. ఎడిటరుకి ఎదురుగా కూర్చుని ఆమె భర్త.

"ఇంట్లో మాట్లాడుకుందాం పద," అన్నాడు పళ్ళబిగువున.

ఆమె ఆయన వైపు చూడలేదు. ఫిల్ము ఎడిటరు బల్ల మీద పెట్టింది.

"ముందు నా కూతుర్ని ఆ గోడ మీంచి దించండి. అది ఎక్కడ పోయిందో, ఎలా పోయిందో రేపు మొదటి పేజీలో వెయ్యండి. ఈ రెండు బొమ్మలూ వెయ్యండి. దాన్ని నా ఒళ్ళో మళ్ళీ ఎందుకు పెట్టారో, అదీ వెయ్యండి."